ఒక జాలరి చెప్పాడు

నూట పన్నెండో వ్యాసమూ అదే అంటోంది:
వెన్నెల రాత్రుల్లో ఒమెనా చేప దీపానికి రాదని.
పక్కన బ్రాకెట్లో ఒక పేరు, ఒక సంవత్సరం.
ఆ పేరు దగ్గరికి వెళ్తే
ఇంకో పేరు చూపించింది,
అది మరో పేరును.

కిసుము లైబ్రరీలో కరెంటు పోయింది.
ఫోను వెలుగులో చదువుతున్నాను.
ప్రొఫెసర్ ఒగెల్లో శుక్రవారానికి పదిహేను పేజీలు అడిగారు.
"ఎవరేమన్నారో అందరూ రాస్తారు అవూర్,
ఎవరేం అడగలేదో రాయి."

ఒకరి ఎంగిలి ఒకరు తిని
మూతి తుడుచుకున్నారు.
నిన్నటిదాకా నేనూ తిన్నదదే.

తీగ చివర దొరికింది:
మత్స్యశాఖ గదిలో, ఎలుకలు అంచులు కొరికిన
సైక్లోస్టైల్ నివేదిక, డెబ్బై ఒకటి నాటిది.
నలభయ్యో పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో
"ఒక జాలరి చెప్పాడు."

ఒక జాలరి!
వల కన్ను ఎంతో కొలిచి రాశారు,
పడవ పొడవు రాశారు,
లాంతర్లో పోసిన కిరసనాయిలు ధర కూడా రాశారు.

కిటికీ అవతల సరస్సు మీద దీపాలు.
మా మేనమామ ఒకడు వాటిలో ఉంటాడు,
ఏ దీపమో పోల్చలేను.

"పరిశోధనలో ఖాళీ" అన్న శీర్షిక కింద
ఇంకా ఏమీ రాయలేదు.
తెల్లారి పడవలు ఒడ్డెక్కేసరికి వెళ్లి
ముసలివాళ్లను అడగాలి,
ఆ ఏడు అధికారితో మాట్లాడిందెవరని.
తెలియదంటారేమో.

బ్రాకెట్ తెరిచి, సంవత్సరం వేసి
పేరుకి చోటు వదిలాను.
రెండంగుళాలు.
మా లువో పేర్లు కాస్త పొడుగే.