నూనె డబ్బా

ముప్పై ఏండ్లు కుట్టుమిషను తొక్కినాక
నడుము నాది కాకుండా పోయింది.
ప్రొద్దుటూరు డాక్టరు ఎక్స్‌రే ఎత్తి
ఎముకల మధ్య అరిగిన చోటు చూపిచ్చి
"ఈత కొట్టమ్మా" అన్నాడు.
నవ్వొచ్చింది.
యాభై రెండేండ్ల ఆడమనిషి
ఎర్రగుంట్ల కాడ ఈత కొట్టేదా!

హుసేనమ్మత్త నవ్వలేదు.
ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా
నా నడుముకు చున్నీతో బిగించి
నాపబండల దిగుడుబాయిలోకి
తెల్లారకముందే దించింది.
"గట్టును ఇడ్సు. నీళ్లు మోస్తాయిలే."

ఇడ్సలేదు. తొమ్మిది రోజులు.

పదో రోజు వేళ్లు జారినాయో
నేనే జార్చినానో,
చెవులు మునిగి
సిమెంటు ఫ్యాక్టరీ రొద ఆగిపోయింది.
నా గుండె నాకే వినిపించింది
సందు చివర ఎవరో పిండి దంచినట్టు.
ఇన్నేండ్లు బిందెల్తో నీళ్లను నేను మోసినా,
నీళ్లు నన్ను మోసింది ఆ పొద్దే.

ఇప్పుడు మూడు చుట్లు తిరుగుతా.
లోపల చీటీ బాకీ గుర్తు రాదు.
లెక్కపెట్టేది ఊపిరి ఒక్కటే,
అది తప్పితే నోట్లోకి బాయి వస్తాది.
రాత్రి మాత్ర మింగకుండానే నిద్ర.
భుజాలు పెరిగినాయి,
నా రవికె కొలత నేనే మార్చుకున్నా
అరంగుళం వదులు.

నొప్పి పోయిందా అంటారు.
పోలేదు.
పొద్దున మెట్టు మీద
చెప్పుల పక్కన దాన్ని కూర్చోబెట్టి దిగుతా.
పైకొచ్చేసరికి
ఒక్కోరోజు అక్కడ ఉండదు.

నూనె డబ్బానా? మొన్న విప్పేసినా.
హుసేనమ్మత్త దాని మూతి కోసి
కరేపాకు మొక్క నాటింది.