పోటు వేళ చిరునామా

పదకొండేళ్లు నా బల్ల మీద ఒకటే ముద్ర:
అసంపూర్ణం.
వీధి పేరు లేని కాగితం, ఇంటి నంబరు లేని కాగితం
ఎడమచేతి గుట్టలోకి.
శుక్రవారం సాయంత్రం గుట్టకు పురికొస చుట్టి
పడవకిచ్చి వెనక్కి పంపేదాన్ని.
వేళ్లకు ఊదా సిరా అంటేది.
మనసుకేమీ అంటేది కాదు.

అమెజాన్ సముద్రంలో కలిసేచోట, మరజో దీవిలో,
మాదొక చిన్న పురపాలక ఆరోగ్య శాఖ.
రెండు ఫ్యాన్లు. ఒకటి తిరుగుతుంది.

కొత్త డైరెక్టరు ఒసిలేయా వచ్చిన వారానికే
గోడకు పటం తగిలించింది.
టీకా పడిన ప్రతి ఇంటికీ పచ్చ గుండుసూది.
బజారు పచ్చగా, చర్చి వీధి పచ్చగా,
నది పాయల పొడుగునా వట్టి కాగితం.
"అక్కడ మనుషుల్లేరా?" అంది.
గదంతా నావైపు తిరిగింది.
ఉన్నారు.
నా ఎడమచేతి గుట్టలో ఉన్నారు.

శిక్షణలు మేం ఎరగనివి కావు.
తెర మీద సమానత్వం అని పెద్దక్షరాలు పడేవి,
మనిషికి రెండేసి బిస్కట్లు, అందరికీ సమానంగా,
సాయంత్రానికి ప్లాస్టిక్ తొడుగుతో ఒక సర్టిఫికెట్టు.
ఈసారి తెర లేదు.
"కుర్చీలు మారండి" అంది ఒసిలేయా.
బల్లల వాళ్లం పడవలోకి,
పడవ వాళ్లు బడిబల్ల మీదికి.

నాకు ఈత రాదని పడవ నడిపే జెనేజియోకి చెప్పాను.
"నాకు కూడికలు రావు. జోడీ కుదిరింది"
అని ఇంజను తాడు లాగాడు.

నీళ్లలో దుంగల మీద నిలబడిన ఇల్లు.
దోనా పెర్పేతువా. చంకలో తొమ్మిది నెలల పాప.
ఫారం తెరిచాను. వీధి పేరు?
మెట్ల కిందికి చెయ్యి చూపించింది.
వీధి పారుతోంది.
ఇంటి నంబరు?
"మా ఆయన పడవకుంది, అది రాసుకో."
మరి మీ ఇంటికెలా రావాలమ్మా?
"పోటు మీద రావాలి. ఆటు వేళ వస్తే
మోకాటిలోతు బురద, అంతే."

అప్పుడు లోపలికెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చింది.
నాలుగు మడతల కాగితాలు, మూడు.
"మూడుసార్లు వచ్చాయి. ముద్ర ఉంది కదా,
ముఖ్యమైనవేమోనని దాచాను.
ఏముందో చదివి పెడతావా?"

ఊదా రంగు చెక్కు చెదరలేదు.
మంచి సిరా. ప్రభుత్వ సిరా.
మొదటి కాగితంలోని పసివాడు
పదేళ్లవాడై, తెడ్డు పట్టుకుని
నేనెప్పుడు చదువుతానా అని చూస్తున్నాడు.

చదివాను.
ఆ ఒక్క మాటా చదవడానికి
చాలాసేపు పట్టింది.

ఇక బడిబల్ల సంగతి.
యాభై రెండేళ్ల జెనేజియో, కుర్రనర్సుల మధ్య,
మోకాళ్లు పట్టని బెంచీలో.
రక్తపోటుకు రెండంకెలెందుకో
ఎవరికీ తలకెక్కడంలేదు.
"పైది పోటు, కిందిది ఆటు" అన్నాడతను.
"ఆటు వేళ కూడా నీరు దిగకపోతే
గట్టు కోసుకుపోతుంది. అప్పుడు మందు కావాలి."
పాఠం చెప్పే ఆమె సుద్దముక్క పట్టుకుని
కాసేపలాగే నిలబడి
ఆ మాటే బోర్డు మీద రాసింది.

మొదట నా చేతికే పట్టీ చుట్టాడు.
కళ్లు మూసుకుని విన్నాడు,
ఇంజను ఎక్కడ తడబడుతోందో వెతికినట్టు.
"గట్టు దాకా ఉంది, లిందాల్వా."
నవ్వలేదు.

ఇప్పుడు మా ఫారంలో ఒక గడి ఎక్కువ:
ఏ పోటుకు పడవ అందుతుంది?
రాజధాని నుంచి అనుమతి ఇంకా రాలేదు.
స్కేలు పెట్టి చేత్తో గీసుకుంటున్నాం,
గీతలు కొంచెం వంకర.

జెనేజియోకి మాత్రం ఇంకా పడవ జీతమే.
ఆ పదోన్నతి ఫైలు నా బల్ల మీదుంది.
వీధి, నంబరు, సంతకాలు, అన్నీ ఉన్నాయి.
మూడుసార్లు పంపాను, మూడుసార్లు తిరిగొచ్చింది.
పై ఆఫీసులో ఎవరిదో ముద్ర.
అక్కడ కూడా మంచి సిరాయే.

నాలుగోసారి కాగితంగా పంపను.
రేపటి పోటు ఆరున్నరకి.
ఫైలు చంకన పెట్టుకుని
ఆరింటికల్లా రేవులో ఉంటాను.