పంటు

దిండిలో పడవ ఇల్లు ఒక రాత్రికి ఎంతని
ఫోన్ చేసి అడిగాను.
అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది:
ఏసీ ఉందండి, భోజనాలు అందులోనే అండి,
పిల్లలకి సగమే అండి.
ఆ సగం నా ఐదు నెలల లేసు.

"ఆలోచించుకుని చెప్తానండి" అన్నాను,
ఆలోచించడానికి ఏదో ఉన్నట్టు.

దీవెన అప్పటికే బళ్ళో చాటేసింది,
సెలవుల్లో మేం ఓడెక్కుతున్నామని.
ఏలియా మూడు రోజులుగా ఒకటే గొడవ,
ఓడలో ఎలుకలుంటాయా, వాటికి ఈతొచ్చా అని.
వాళ్ళ నాన్నకి ఆదివారం లేదు.
రొయ్యల చెరువు గట్టు మీద
ఏరేటర్ల చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచే ఉద్యోగం.

అందుకని చర్చి నుంచి తిన్నగా
నర్సాపురం రేవుకి నడిపించాను.
సంచిలో పులిహోర డబ్బా, చేగోడీల పొట్లం,
వాంతులైతే పట్టడానికో కవరు.
పక్కింటి నూకరత్నం గారి మనవడు
తన టికెట్టు డబ్బులు గుప్పిట్లో బిగించి మా వెనకే.

దీవెన రేవు మెట్టు మీదే ఆగిపోయింది.
"ఇది పంటు కదా."
తొమ్మిదేళ్ళ పిల్ల. గొంతులో కోపం కూడా లేదు.
కోప్పడినా బాగుండును.
"ఎక్కు, ఎండెక్కిపోతోంది" అన్నాను.

మోటారు సైకిళ్ళెక్కాయి,
నీళ్ళు కారుతున్న ఐసు పెట్టెలెక్కాయి,
అరటి గెలల ఆటో ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి ఎక్కింది,
తాడు తెంపుకోవాలని చూస్తున్న దూడొకటి.
ఇంజను దగ్గింది.
గోదారి పోటు మీదుంది,
సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి మొహానికి తగిలింది.

సఖినేటిపల్లిలో అందరూ దిగారు. మేం దిగలేదు.
"అవతల ఎవరింటికండీ?" అన్నాడు టికెట్లబ్బాయి.
ఎవరింటికీ కాదన్నాను.
"మరి?"
"ఊరికే. పిల్లల సరదా."
అతను నన్నోసారి, ఖాళీ రేవునోసారి చూశాడు.
టికెట్లు మాత్రం మళ్ళీ కోశాడు. కోయొద్దా మరి.

రెండోసారి వచ్చేటప్పుడు
చిట్టిబాబు సరంగయ్యాడు,
దూడ లేని చోట దూడయ్యాడు ఏలియా.
దీవెన కమ్మీ పట్టుకుని అటు తిరిగే నిలబడింది,
కాసేపటికి తిరక్కుండానే అడిగింది:

"నీ లేసు ఓడలోనే వెళ్తుందా అమ్మా?"
వెళ్తుంది.
"నిజం ఓడా?"
నిజం ఓడే.
"దానికి టికెట్టెవరు కొంటారు?"

నాకు తెలీదు.
ఏ బల్ల మీద పరుస్తారో, దాని మీద ఏం ఒలకపోస్తారో
ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.
షావుకారు కన్నులు లెక్కపెడతాడు, మాసిందంటే కోత పెడతాడు,
అక్కడికి నా సముద్రం అయిపోతుంది.

సంచి అడుగున సూది, దారపుండ ఉన్నాయి.
తీయలేదు.
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఒకదాని మీదొకటి పెట్టుకున్నాను, ఫొటోకి కూర్చున్నట్టు.

మూడోసారి దీవెనే పరిగెత్తి ముందెక్కింది.
"పదండి, పదండి, సింగపూర్ వాళ్ళు ఇటు!"
అరటి కాయల ముసలాయన నిజంగానే ఇటు జరిగాడు.
నడి ఏట్లో పులిహోర విప్పాం.
మెతుకులకి కాకి ఒకటి రేవు దాకా కూడా వచ్చింది.
టికెట్లబ్బాయి నా దగ్గరే తీసుకుని
పిల్లల లెక్క మర్చిపోయినట్టు ఇంజను వైపు వెళ్ళిపోయాడు.
ఎలుక మాత్రం కనబడలేదు.
ఏలియాకి అదొక్కటే లోటు.

రాత్రి, మంచం మీద వాడు కళ్ళు మూసుకునే అన్నాడు:
"ఇల్లు కదుల్తోందమ్మా."
పడుకో అన్నాను.
నాకూ కదుల్తోందని చెప్పలేదు.

బల్బు కింద కూర్చుని మిగిలిన పువ్వు అల్లుతుంటే
ఎక్కడో ఒక కన్ను ఎక్కువ పడింది.
మామూలుగా అయితే అక్కడిదాకా విప్పేస్తాను.
సూది వెనక్కి తిప్పి, కాసేపు చూసి,
ముందుకే పోనిచ్చాను.