దరఖాస్తులో నాలుగో ప్రశ్న

మద్దిలపాలెంలో బస్సు దిగేసరికి
ఫారం అంచులు చెమటకి మెత్తబడ్డాయి.
పేరు, రోల్ నంబరు, చదివే కోర్సు,
అక్కడిదాకా పెన్ను ఆగలేదు.
తోటివాళ్ల రాతకి సాయం చేసే పని.
గంటకి ఎనభై రూపాయలు,
లైబ్రరీ మేడమీద, ఫ్యాను తిరిగే మూల.

నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాను:
"తప్పుల తడకలాంటి కాగితం మీ ముందుకొస్తే
మొట్టమొదట ఏం చేస్తారు?"
రెండువందల మాటలు మించరాదట.

నిజం చెప్పాలంటే
మొట్టమొదట నా వేళ్లు ఎర్ర పెన్ను కోసం తడుముకుంటాయి.
మొదటి ఏడాది నా వ్యాసం మీద
ఎవరి వేళ్లో అలాగే తడుముకున్నాయి.
తిరిగొచ్చిన కాగితం
చేపలు కోసిన బల్లలా ఉంది.
అడుగున రెండే మాటలు: మళ్లీ రాయి.
ఏది మళ్లీ?

మెట్ల మీద పక్కన కూర్చున్న నూకరత్నం
పెన్ను మూతైనా తియ్యలేదు.
ఒక వాక్యం మీద వేలుంచి
"ఇక్కడ నువ్వు ఏటి చెప్దామనుకున్నావు?" అంది.
చెప్పాను. చాలాసేపు చెప్పాను.
"మరదే రాయి" అని
టీ తాగడానికి వెళ్లిపోయింది.

ఇది రాయొచ్చా ఫారంలో?
లేకపోతే నాన్న సంగతి రాయనా?

ఫిషింగ్ హార్బర్‌లో పడవలకి పేర్లు రాస్తాడు నాన్న.
సెలవుల్లో రంగు డబ్బాలు పట్టుకునేదాన్ని.
ఓసారి మైలపల్లి దానయ్య
"గంగమ్మ దీవిన" అని రాయమన్నాడు.
దీవెన కదా అన్నాను నేను, తొమ్మిదో తరగతి గర్వంతో.
"మాయమ్మ అలాగే అనీది" అన్నాడాయన
సముద్రం వైపు చూస్తూ.
నాన్న కుంచె పక్కన పెట్టి
"ఇంకోపాలి అనండి" అన్నాడు.
విన్నాడు. విన్నదే రాశాడు.
నీలం మీద పసుపు,
చెయ్యంత అక్షరాలు.

రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర మాత్రం
సున్నా వంకరపోయినా ఒప్పుకోడు.
టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ దిద్దుతాడు.
"నడి సముద్రంలో ఆపినోడు
నంబరే చూస్తాడమ్మీ, పేరు కాదు."

ఏది పేరు, ఏది నంబరు
ప్రతి కాగితంలోనూ తెలుస్తుందని కాదు.
తెలియకపోతే అడుగుతాను.
అదే రాశాను, అంతే రాశాను.
లెక్కపెడితే రెండువందల నాలుగు.

నాలుగు మాటలు పోవాలి.
దీవిన పోదు. నూకరత్నం టీ కూడా పోదు.
పైనుంచి కిందికి రెండుసార్లు చదివి
మొదటి వాక్యం కొట్టేశాను:
"నాకు రాయడం బాగా వచ్చు."

కౌంటర్‌లో గుమస్తా కళ్లజోడు పైకి తోసి
"కొట్టివేత ఉందమ్మా, కొత్త ఫారం ఇవ్వనా?" అన్నాడు.

ఉండనివ్వండి అన్నాను.