తొమ్మిది దిమ్మెలు

ముందు వేలి కణుపులతో తట్టి చూస్తాను.
మంచి పాలెట్ పొట్టిగా "ఊఁ" అని ఊరుకుంటుంది.
చీలినది బొంగురు గొంతుతో
ఇంకో మాట కూడా అంటుంది.
ఆ రెండో మాట వినడానికే నాకు జీతం.

రెడ్‌హిల్స్ దాటాక, శోలవరం వైపు మలుపులో
ఆరు వరసల ఎత్తు ఇనప అరల గోడౌను.
చేతిలో ఎర్ర సుద్ద, నడుముకి టార్చి.
ఇక్కడ నన్ను "కట్టైక్కా" అని పిలుస్తారు.
మా గూడూరులో కట్టె అంటే ఇంకో అర్థం కూడా ఉందని
ఎవరికీ చెప్పలేదు.

దిమ్మెలు తొమ్మిది.
మూలది మెలి తిరిగితే మిగిలినవి ఎనిమిది కాదు,
సున్నా.
ముందు పలకకే పాపం దెబ్బలన్నీ,
ఫోర్కు వచ్చి పొడిచేది దాన్నే.
అక్కడ మేకు తలెత్తిందంటే
మైదా బస్తా కడుపు చీరుకుంటుంది,
లేదంటే ఎవడో కుర్రాడి అరచెయ్యి.
నవంబరులో బయట పేర్చినవి
వాన తాగి, బరువెక్కి,
అప్పు అడగడానికొచ్చిన చుట్టంలా
నడుం వంచుకుని లోపలికొస్తాయి.

నేల మీద ఏ పాలెట్టయినా మంచిదే.
నేల అన్నీ కాచుకుంటుంది.
పైకెక్కాకే దాని బతుకు బయటపడేది:
ముందొక ఇనప దూలం, వెనకొక దూలం,
నడుమ ఏమీ లేదు.
పైన టన్ను కందిపప్పు, కింద గాలి.

దూలం కొసన ఒక పిన్ను ఉంటుంది,
చిటికెన వేలంత.
అది ఊడిపోయిన చోట
ఫోర్కు కింద నుంచి ఒక్కసారి తగిలితే చాలు,
అంత ఎత్తూ వట్టి పుకారు.

మంగళవారం, రాత్రి షిఫ్టు.
గేటు బయట పదకొండు లారీలు, హారన్లు.
కొత్త సూపర్‌వైజరు కదిరవన్
"ఒక్క పలకేగా అక్కా!
ప్లాస్టిక్ నాలుగు చుట్లు ఎక్కువే చుట్టాం" అన్నాడు.
ప్లాస్టిక్ పప్పుని పట్టుకుంటుంది తమ్ముడూ,
చెక్కని పట్టుకోదు.
"ఐదో అరకే కదా, రేప్పొద్దున తీసేస్తాం."
రేప్పొద్దున కింద నడిచేది ఎవరు?

ఎళిలరసి బండి మీద నుంచి
అతన్ని చూసింది, నన్ను చూసింది.
ఫోర్కులు నేలకి దించి
తాళం తీసి చొక్కా జేబులో వేసుకుంది.
ఏమీ అనలేదు.

పోయినేడు నాలుగో అరలో
ఇలాంటి ఒక్క పలకే.
పాలెట్ నడిమికి విరిగి
దూలాల సందులోంచి జారింది.
చిన్నప్పన్ టిఫిన్ డబ్బా
రొట్టెలా అయింది, మూత ఏదో గిన్నె ఏదో తెలీకుండా.
చిన్నప్పన్ చెయ్యి కడుక్కోడానికి వెళ్లున్నాడు.
ఎవరికీ ఏం కాలేదు అని రాశారు రిజిస్టరులో.
ఆ వాక్యం మీద కూడా
కణుపులతో తట్టి చూశాను.
రెండో మాట వినపడింది.

సరుకు మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
లారీ డ్రైవరు నన్ను తిట్టి, మా అమ్మని తిట్టి,
మొత్తం గోడౌనునే తిట్టాడు.
నేను ఎర్రగా ఒక అడ్డగీత,
ఒక నిలువు గీత గీశాను.
కదిరవన్ ఆ బస్తాలు
తనే నాలుగు మోశాడు, అదీ చెప్పాలి.

ఐదున్నరకి రోడ్డు మీద టీ కొట్టు.
అక్కడ బెంచీకి నా సుద్ద గుర్తు,
పోయిన నెల నేను కొట్టేసిన పాలెట్టే,
దిమ్మెలు ఏడు.
ఎళిలరసి కూర్చోబోయి ఆగి
నా మొహం చూసింది.

కూర్చో అన్నాను.
ఇక్కడ నేల జానెడు దూరమే,
విరగనీ.