జల్లెడ

పోయిన పంటలో నాలుగో జ్వరం లేచిన పురుగులు
సగానికి సగం, ఒక్క రాత్రిలో
పచ్చగా కక్కి, తలలాడిస్తా సచ్చిపోయినాయి.
"హొన్నూరమ్మ కండ్లు" అనింది మా మారెక్క.
షెడ్డు వాకిట్లో మిరపకాయలు, నిమ్మకాయ, నల్లదారం.
కల్యాణదుర్గం బస్సులో
హొన్నూరమ్మ ఎక్కితే ఈమె దిగేసేది.

మొదట్లో నేను వాదించినాను.
చదువుకున్నదాన్ని కదా, నోరు పెద్దది.
దిష్టంతా ఉత్తదే అన్నాను, నవ్వినాను గూడా.
అక్క ఎనిమిది దినాలు నాతో మాట్లాడలే.
దారం ఇంకొకటి కట్టింది.

ఈ తూరి పక్కన కూర్చోని చెనక్కాయలు ఒలుస్తా
"ఆ దినం ఏంటికొచ్చిండె హొన్నూరమ్మ?"
"జల్లెడకు."
"లోపలికొచ్చిండెనా?"
"ల్యా. గడపకాడనే."
కొంచేపు కాయలు పగిలే చప్పుడు.
"ముందు ఏ అరలవి పోయినాయి?"
అక్క చెయ్యి నిలిచింది.
"ఎనక గోడవి.
ఈ వాకిలి పక్కవి గూళ్లు కట్టినాయి గదా..."

గడపకాడి చూపు
ముందరి అరలు దాటుకొని ఎనక గోడకు ఎట్ల పోయింటాదక్కా
అనే మాట నాలుక కొనకొచ్చింది.
ఒక పచ్చిగింజ నోట్లో ఏసుకొని
దాంతోపాటు నమిలి మింగినాను.

అంతే, ఆ పొద్దుకు.

మూడు దినాలకు అక్క ఒక్కతే
తూర్పు మడి గట్టు మీద నిలబడింది.
గట్టుకవతల టమోటా తోట.
ఒక మల్బరీ ఆకు తుంచి, వాసన చూసి,
చెయ్యి కొంగుకు తుడుచుకొని ఇంటికొచ్చింది.
ఏమీ చెప్పలే. నేనూ అడగలే.
వాకిట్లో మిరపకాయలు అట్లనే ఏలాడుతాండాయి.

రాత్రి నేనే ఆగలేక
"ఆ ఎర్రిస్వామిని రేపు నిలదీస్తా,
కావాలనే కొట్టినాడు మందు" అని లేచినాను.
అక్క చాట పక్కన పెట్టింది.
"మన షెడ్డులో పురుగులుండాయని
ఆయప్పకు ఎవురన్నా చెప్పినారా?"
మెల్లగ. నేను తనను అడిగినట్లే.
నా దగ్గర జవాబు లేదు,
గుప్పిట్లో పొట్టు తప్ప.

పొద్దున జల్లెడ నా చేతికిచ్చింది.
"హొన్నూరమ్మకు ఇచ్చి రాపో."
"ఏమని చెప్పాల?"
"ఏమీ చెప్పొద్దు.
పిండి జల్లించుకున్నాక
తననే తెచ్చియ్యమను."