ఐదో గీత

ఎల్డన్ ప్రూయిట్‌ని పదింటికి పూడుస్తారనగా
ఎనిమిదింటికే హచిన్స్ గ్యారేజీలో చేరాం.
కూర్చోడానికి పాత టైర్లు, తాగడానికి చేదు కాఫీ.
కరోలినా కొండల దిగువ ఎర్రమట్టి
అందరి నల్లబూట్లకీ సమంగా అంటింది.

ముందు రూబెన్ ఎత్తుకున్నాడు.
"మూడో మలుపులో గోడ దాటి, కంచె దాటి
ఎవరిదో మొక్కజొన్న చేలో పడ్డాడా,
దిగితే ఒట్టు!
చేనంతా ఓ చుట్టు చుట్టి
టికెట్లమ్మే గేటులోంచి మళ్ళీ ట్రాకెక్కాడు.
రేడియేటర్లో ఇరవై కంకులు."
"నలభై," అన్నాడు వెనకనుంచి ఒకడు.
"అది పుచ్చతోట కదరా," ఇంకొకడు.

పోయినవాడి కారుకి నోటికో రంగు:
నీలం, పసుపు, ఉత్త తుప్పు.
నంబరు దగ్గర మాత్రం తగువు లేదు.
యాభై ఏడు. ఏడుకి తోక వంకర.
చెల్లెలు ఐలా గోడకేసే సున్నంతో రాసింది.

వీడా చేతిలో కప్పు తిప్పుతూ అంది:
"పదకొండుసార్లు కారు పల్టీ కొట్టినా లేచొచ్చిన మనిషి
పళ్ళ డాక్టరు దగ్గర, వరసలో కూర్చుని,
పాత పత్రిక తిరగేస్తూ పోయాడు.
నేను బండి నడిపితే ముప్పై దాటనిచ్చేవాడు కాదు,
గుడ్లు పగులుతాయని."
నవ్వాలో వద్దో తెలీక
అందరం కాఫీలోకి చూశాం.

అప్పుడు మెర్ల్ హచిన్స్
బల్లమీదున్న ట్రోఫీకి దుమ్ము తుడిచాడు.
"డెబ్బైనాలుగు, రెండొందల చుట్ల రేసు.
ఆఖరి చుట్టులో వాడికి పెట్రోలు అయిపోయింది.
లేకపోతే ఇది వాడింట్లో ఉండేది.
ఎన్నేళ్ళు చెప్పుకుని ఏడ్చాడో,
ఇంకొక్క గుక్క ఉంటేనా అని!"

అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆ రోజు నాన్నకి జ్వరం.
చెక్క మంచె మీద ఆయన కుర్చీలో నేను, పదిహేడేళ్ళదాన్ని.
నా లెక్కకి ఒకటే కారు, యాభై ఏడు.
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం,
కట్టకి ఐదు చొప్పున.
నూట ముప్పై దాటాక ఎర్రదుమ్ము తెర దించింది.
పెన్సిలు మొన విరిగింది.
చాకు వెతుక్కుని తలెత్తేసరికి
వాడు వెళ్ళిపోయాడో రాలేదో!

రెండొందలూ అయ్యాయని ఎల్డన్ వేగం తగ్గించాడు.
నా పుస్తకంలో నూట తొంభై తొమ్మిది.
జెండా ఊగలేదు.
మెర్ల్ పక్కనుంచి దూసుకుపోయాడు.

నిచ్చెనెక్కి వచ్చాడు, పళ్ళమీద కూడా మట్టి.
పుస్తకం తిప్పుతూ తిప్పుతూ
ఆ నాలుగు గీతల దగ్గర వేలాపాడు.
నా గొంతులోంచి మాట రాలేదు.
జేబులోంచి చాకు తీసి
నా పెన్సిలు నిమ్మళంగా చెక్కిచ్చి
"పెట్రోలు అయిపోయింది పాపా, అంతే," అన్నాడు.
కింద అందరికీ అదే చెప్పాడు.
చివరిదాకా అదే చెప్పాడు.

నా వంతు వచ్చినప్పుడు
టమాటా శాండ్విచ్ కథ చెప్పాను,
ఒక చేతికి గ్లవ్ తీయకుండానే తినేవాడని.

శ్మశానానికి వెళ్తూ నల్లబండిని ట్రాకు వైపు తిప్పారు.
మూసేసి ఇరవై ఏళ్ళు, నడుములోతు గడ్డి.
మూడో మలుపులో బండి దిగబడింది.
కోట్లు విప్పి తోశారు ముసలాళ్ళు,
ఒకర్నొకరు తిట్టుకుంటూ,
వాణ్ణి కూడా కలిపి తిట్టుకుంటూ.

చేతిసంచిలోంచి పుస్తకం తీశాను.
నాలుగు గీతల మీద
అడ్డంగా ఒక్కటి గీశాను. చెయ్యి వణికి
అది కాస్త వంకరగానే వచ్చింది.

"ఏం రాస్తున్నావ్, నోవెలీన్?" అన్నాడు మెర్ల్,
మోకాళ్ళదాకా బురదతో.
"టైము. పదకొండు నిమిషాలు."
"జన్మలో ఇంత నెమ్మదిగా తిరగలేదు వెధవ,"
అంటూ ముక్కు తుడుచుకున్నాడు.

వాడి చంకలో ట్రోఫీ ఉంది.
ఎందుకు తెచ్చావని
నేను అడగలేదు.